చికిత్స ముందా, ఇంటర్ పరీక్షలు ముందా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అబ్బాయికి 17 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఏడాదిన్నరగా గంజాయి తాగుతున్నాడని దసరా సెలవుల్లో మాకు తెలిసింది. మధ్యమధ్యలో నిద్రమాత్రలు కూడా వేసుకుంటున్నాడట. సైకియాట్రిస్టుకు చూపిస్తే రెండు నెలలు కేంద్రంలో చేర్చి చికిత్స చేయించాలన్నారు. ఇప్పుడు నవంబరు సగానికి వచ్చింది. మార్చిలో పరీక్షలయ్యాక చేర్పిద్దామని మావారు అంటున్నారు. వాడూ అదే బతిమాలుతున్నాడు. ఇప్పుడే చేర్పిస్తే సంవత్సరం పోతుందా? కాలేజీలో ఏమని చెప్పాలి? పుస్తకాలు వెంట పంపవచ్చా?

సమాధానం: అమ్మా, ముందు పెద్ద ప్రశ్న తేల్చేద్దాం. ఇప్పుడే చేర్పించండి. మార్చి దాకా ఆగితే చదువు నిలబడుతుందన్న లెక్కే తప్పు. రోజూ గంజాయి తాగే పిల్లవాడు పుస్తకం ముందు కూర్చున్నా, కొత్త విషయం బుర్రలో నిలవదు. వారంలో కనీసం ఒకసారైనా గంజాయి వాడే 16 నుంచి 25 ఏళ్ల వాళ్లను ఒక నెలపాటు పూర్తిగా మాన్పించి చూసిన అమెరికన్ పరిశోధన ఒకటి 2018లో వచ్చింది. మానినవాళ్లలో కొత్త మాటలను గుర్తుపెట్టుకునే శక్తి పెరిగింది, అదీ ఎక్కువగా మొదటి వారంలోనే. ఏకాగ్రతలో మాత్రం ఆ నెలలో అంత తేడా కనిపించలేదు. రెండు నెలలు మానేసి ఆరు వారాలు చదివినవాడికి పట్టుబడే సిలబస్, నాలుగు నెలలూ తాగుతూ చదివినవాడికి పట్టుబడదు.

తేదీలు చూడండి. నవంబరు మధ్యలో చేరితే జనవరి మధ్యకు రెండు నెలలు పూర్తవుతాయి. ప్రాక్టికల్స్ సాధారణంగా జనవరి చివర, ఫిబ్రవరిలో జరుగుతాయి. థియరీ ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో మొదలవుతుంది. అంటే మీవారు భయపడినంతగా పరీక్షలు చికిత్స మీద పడడం లేదు. ఒకవేళ పడినా మే, జూన్ ప్రాంతంలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది. చికిత్సను నాలుగు నెలలు వాయిదా వేస్తే మాత్రం ఆ నాలుగు నెలలూ వాడు అదే హాస్టల్లో, అదే గదిలో, సరుకు తెచ్చిచ్చే అదే స్నేహితుల మధ్య ఉండాలి. పైగా అది పరీక్షల ఒత్తిడి పెరిగే కాలం.

నిద్రమాత్రల గురించి ఒక హెచ్చరిక. చేర్పించేలోగా ఇంట్లో వాటిని మీరే ఒక్కసారిగా మాన్పించకండి. ఆల్ప్రజోలమ్ లాంటివి చాలాకాలం రోజూ వేసుకుని హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. ఎన్ని, ఎన్నాళ్లుగా వేసుకుంటున్నాడో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎలా తగ్గించాలో ఆయన రాసిస్తారు.

ఈ వారం ఒక మనిషి కాలేజీకి వెళ్లాలి. పిల్లవాడు కాదు, మీరో మీవారో. మొదట చూడాల్సింది పరీక్ష ఫీజు. బోర్డు గడువు మామూలుగా ఈ రోజుల్లోనే ఉంటుంది, ఆ తర్వాత ఆలస్య రుసుముతో మరికొన్ని వారాలు తీసుకుంటారు. పిల్లవాడి చేతికి డబ్బిచ్చి కట్టమనకండి, మీరే కట్టి రసీదు తీసుకోండి. మార్చిలో రాస్తాడో లేదో తెలియకపోయినా అన్ని పేపర్లకూ కట్టాల్సిందే. మొదటి సంవత్సరం పేపర్లు ఏవైనా మిగిలి ఉంటే వాటికి కూడా. ఫస్టియర్ ఎథిక్స్, పర్యావరణ విద్య పరీక్షలు రాశాడో లేదో గుమస్తాను అడగండి. వాటికి మార్కులు కలపరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ అవి మిగిలిపోతే పాస్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతారు.

రెండోది హాజరు. రెగ్యులర్ విద్యార్థికి 75 శాతం ఉండాలి. ఏడాదికి సుమారు 220 పనిదినాలు అనుకుంటే 165 రోజులు వచ్చి ఉండాలి, 55 రోజులు పోయినా ఫరవాలేదు. మీవాడు ఇప్పటికే 20 రోజులు మానేశాడని, చికిత్సలో ఇంకో 45 పనిదినాలు పోతాయని అనుకుందాం. మొత్తం 65 పోగా మిగిలేవి 155, అంటే 70 శాతానికి కాస్త పైన. 75 కంటే తగ్గినా 60కి పైన ఉంటే వైద్య కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు అడిగే వీలుంది. ఈ ఏడు ఎంత కట్టాలో, ఏ తేదీలోగా కట్టాలో కాలేజీలో కనుక్కోండి. అంతకంటే ముందు, ఇప్పటిదాకా అసలు ఎన్ని రోజులు వచ్చాడో రిజిస్టరు చూసి లెక్క రాయించుకోండి. హాస్టల్లో ఉన్నాడు కదా, రోజూ క్లాసుకు వెళ్లే ఉంటాడని తల్లిదండ్రులు అనుకుంటారు. మత్తుకు అలవాటుపడిన పిల్లల విషయంలో ఆ అంచనా తరచూ తప్పుతుంది. లెక్క 60 కంటే కిందికి పోయేలా ఉంటే ఆ సంగతి ఫిబ్రవరిలో హాల్‌టికెట్ ఆపినప్పుడు కాకుండా ఇప్పుడే తెలియడం మంచిది.

మూడోది, టీసీ తీసుకోవద్దు. విషయం తెలిస్తే కొన్ని కాలేజీలు 'టీసీ ఇచ్చేస్తాం, వచ్చే ఏడు చూసుకోండి' అంటాయి. సంవత్సరం మధ్యలో పేరు తీసేస్తే రెగ్యులర్‌గా పరీక్ష రాసే దారి మూసుకుపోతుంది. పేరు కాలేజీలోనే ఉండాలి, సెలవు చీటీ వైద్య కారణంతో నడవాలి. ఫీజు బాకీ ఉంటే ఎంతోకొంత కట్టి మాట నిలుపుకోండి, ఆ వంకతో హాల్‌టికెట్ దగ్గర పేచీ రాకుండా ఉంటుంది.

కాలేజీలో ఏమని చెప్పాలన్నారు. అబద్ధం మాత్రం చెప్పవద్దు. టైఫాయిడ్ అనో, కామెర్లనో దొంగ సర్టిఫికెట్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో ఇబ్బంది ఏమిటంటే, రెండు నెలల టైఫాయిడ్‌ను ఎవరూ నమ్మరు. తేదీలు తర్వాతి కాగితాలతో కలవవు. అన్నిటికంటే ముఖ్యంగా, తిరిగి వచ్చాక ఆ అబద్ధాన్ని రోజూ మోయాల్సింది పిల్లవాడు. నిజం చెప్పడం నేర్చుకోవడమే చికిత్సలో సగం పని, దానికి అడ్డుపడే కథను మనమే అల్లి చేతికి ఇవ్వకూడదు.

అలాగని అందరికీ అన్నీ చెప్పాల్సిన పని లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. 'ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఇన్‌పేషెంటుగా చికిత్సలో ఉన్నారు, కాలేజీకి హాజరు కాలేరు' అని డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరుతో, ఆసుపత్రి ముద్రతో రాసిస్తే సెలవుకు సరిపోతుంది. జబ్బు పేరు రాయనక్కర లేదు. చేరిన రోజే ఒకటి తీసుకోండి, ప్రతి నెలా ఒకటి, డిశ్చార్జి రోజున మరొకటి. అన్నిటికీ జిరాక్సులు మీ దగ్గర పెట్టుకోండి. తోటి పిల్లలు అడిగితే చెప్పడానికి వాడికి ఒక్క వాక్యం చాలు: 'ఆరోగ్యం బాగాలేక ట్రీట్‌మెంట్ తీసుకున్నా.' ఆ వాక్యం వాడితో ముందే అనిపించి చూడండి.

కాలేజీలో ఒక్కరికి మాత్రం పూర్తి నిజం తెలిసి ఉండాలి. ప్రిన్సిపాలే కానవసరం లేదు. పిల్లవాడిని పేరుపెట్టి పిలిచే లెక్చరరు ఎవరైనా ఉంటే వారే మేలు, ఎవరన్నది పిల్లవాడినే ఎంచుకోనివ్వండి. వారి నుంచి కావలసినవి మూడే: ప్రతి సబ్జెక్టులో ఇప్పటిదాకా ఎన్ని చాప్టర్లయ్యాయో ఒక కాగితం, మొన్నటి పరీక్షల ప్రశ్నపత్రాలు, ఫిజిక్స్ కెమిస్ట్రీ రికార్డుల్లో ఇంకా రాయాల్సిన ప్రయోగాల పట్టిక. రికార్డు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రాక్టికల్స్‌లో దానికి మార్కులుంటాయి. కేంద్రంలో కూర్చుని ప్రశాంతంగా పూర్తి చేయగల పని అది.

ఇక కేంద్రం ఎంపిక. మీవాడికి ఇంకా 18 నిండలేదు కనుక చట్టం వేరుగా ఉంటుంది. చేర్చే రోజున గానీ, అంతకు ముందు 7 రోజుల్లో గానీ ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి, చేర్చడం అవసరమేనని చెప్పాలి. వారిలో ఒకరు తప్పకుండా సైకియాట్రిస్టు అయి ఉండాలి. పెద్దవాళ్లతో కలపకుండా పిల్లలను వేరుగా ఉంచాలి. తల్లిదండ్రుల్లో ఒకరు గానీ వారు పెట్టిన మనిషి గానీ చేరినన్నాళ్లూ అక్కడే ఉండాలి. చేర్చిన సంగతి 72 గంటల్లోగా మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి, 30 రోజులు దాటితే బోర్డు సమీక్షిస్తుంది. మీది రెండు నెలల చికిత్స కాబట్టి ఆ సమీక్ష వస్తుంది, కంగారు పడకండి. ఈ మధ్యలో వాడికి 18 నిండుతాయేమో చూసుకోండి. నిండితే ఆపై ఉండడానికి వాడి సొంత అంగీకారం కావాలి. ఆ పుట్టినరోజు డాక్టరుకు ముందే గుర్తు చేయాలి. 'మీరు రానక్కర లేదు, రెండు నెలల తర్వాత వచ్చి తీసుకెళ్లండి, ఫోన్లు కూడా చేయొద్దు' అనే చోటికి పంపవద్దు. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ పత్రం చూపమని అడగండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్యానికి టెలి మానస్ 14416కు గానీ ఫోన్ చేయవచ్చు, డబ్బు పడదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ ఈ వైద్యం ఉంది.

కేంద్రం వాళ్లను చదువు గురించి ఇలా అడగండి: రోజులో చదువుకు విడిగా ఒక వేళ ఉందా? బల్ల, కుర్చీ, వెలుతురు ఉన్న చోటు ఉందా? పరీక్షకు పంపాల్సి వస్తే తోడు మనిషితో పంపుతారా? 'చదువు సంగతి తర్వాత చూద్దాం' అనే చోటు కంటే, 'రోజుకు ఇంత మాత్రమే' అని హద్దు పెట్టే చోటు మంచిది.

పుస్తకాలు పంపండి, కానీ మొదటి వారం పది రోజులు బయటికి తీయకండి. గంజాయి మానినప్పుడు చిరాకు, నిద్ర పట్టకపోవడం, విచిత్రమైన కలలు, ఆకలి లేకపోవడం ఒకటి నుంచి మూడు రోజుల్లో మొదలై మొదటి వారంలో బాగా ముదురుతాయి. రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, నిద్ర మాత్రం కుదుటపడడానికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆ సమయంలో ఇంటిగ్రేషన్ లెక్క చేతికిస్తే రాదు. రాకపోతే 'నా బుర్ర పాడైపోయింది' అని నిర్ణయించుకుంటాడు. ఆ నిర్ణయం మళ్లీ గంజాయి వైపు నెడుతుంది. చదువు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

రెండో వారం తర్వాత రోజుకు రెండు విడతలు, ఒక్కొక్కటి 25 నిమిషాలు. టిఫిను తిన్నాక ఒకటి, సాయంత్రం ఒకటి. మందుల వల్ల పొద్దున మగతగా ఉంటే పదింటికి జరపండి. రాత్రిపూట చదువు వద్దు, నిద్ర తిరిగి దారిలో పడాలి. నాలుగో వారానికి మూడు విడతలు, ఆరో వారానికి రెండు గంటలు. అంతకు మించనివ్వకండి. కౌన్సెలింగును, గ్రూపు సమావేశాలను, ఆటలను మింగేసి చదువు పెరిగితే పిల్లవాడు చికిత్స నుంచి పుస్తకంలోకి పారిపోతున్నాడని అర్థం. తెలివైన పిల్లలు ఇది బాగా చేస్తారు, తల్లిదండ్రులు చూసి మురిసిపోతారు. కౌన్సెలర్ ఆ మాట చెబితే వినండి.

సంచిలో ఏం పెట్టాలో కూడా చెబుతాం. కుట్టిన లాంగ్ నోట్‌బుక్కులు రెండు, బాల్ పెన్నులు, స్కేలు, పాఠ్యపుస్తకాలు, ప్రశ్నపత్రాల ప్రింట్లు. వైటెనర్ వద్దు. పీల్చే మత్తుపదార్థాల్లో అది మొదటి వరసలో ఉంటుంది. దేశవ్యాప్తంగా చేసి 2019లో వెలువరించిన ఎయిమ్స్ సర్వేలో, పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చే రకాలే. ఘాటు వాసన వచ్చే పర్మనెంట్ మార్కర్లు, జిగురు ట్యూబులు కూడా వద్దు. కంపాస్, డివైడర్, పెన్సిల్ చెక్కే బ్లేడు లోపలికి రానివ్వరు. స్పైరల్ తీగ ఉన్న పుస్తకాలకూ కొన్ని చోట్ల అభ్యంతరం చెబుతారు. ఫోన్ ఇవ్వరు కాబట్టి వీడియో పాఠాలు కుదరవు. దాని గురించి పోట్లాడకండి. సరుకు అమ్మేవాళ్ల నంబర్లు ఆ ఫోన్లోనే ఉంటాయి.

ఏం చదవాలన్నది మరీ ముఖ్యం. అన్నీ కాదు. ఇప్పటి పద్ధతిలో మ్యాథ్స్ 2ఎ, 2బి ఒక్కొక్కటి 75 మార్కులు, పాసుకు 26. ఫిజిక్స్, కెమిస్ట్రీ థియరీ 60, పాసుకు 21. మ్యాథ్స్ పేపర్లో పది రెండు మార్కుల ప్రశ్నలూ రాయాలి, నాలుగు మార్కులవి ఏడింటిలో ఐదు, ఏడు మార్కులవి ఏడింటిలో ఐదు. ఇంత చాయిస్ ఉన్న పేపరును సగం సిలబస్‌తో గట్టెక్కవచ్చు. 2ఎతో మొదలుపెట్టమనండి, అందులోనూ మెజర్స్ ఆఫ్ డిస్పర్షన్‌తో. పట్టిక గీసి, వరసలు కలిపి, మీన్ డీవియేషనో వేరియన్సో తేల్చడమే అక్కడ పని. జ్ఞాపకశక్తి కంటే ఓపిక కావాలి, దారి మారదు, ఏడు మార్కుల ప్రశ్న రావడానికి అవకాశం ఎక్కువ. మొదటి లెక్క 40 నిమిషాలు పట్టినా ఫరవాలేదు, పదో లెక్కకు 15కి వస్తుంది. ఆ తగ్గుదల నోట్‌బుక్ మార్జిన్‌లో వాడి చేతే రాయించండి, తన బుర్ర తిరిగి పనిచేస్తోందని వాడి కళ్లకు కనబడాలి. తర్వాత పార్షియల్ ఫ్రాక్షన్స్, అవి ఇంటిగ్రేషన్‌లోనూ పనికొస్తాయి. ఆ తర్వాత రాండమ్ వేరియబుల్స్, డిమూవర్స్ థీరమ్. 2బి, ఫిజిక్స్ ఐదో వారం నుంచి చాలు. భాషలను చివర నెల రోజులకు వదిలేయండి.

డిశ్చార్జి అయ్యాక అదే హాస్టల్‌కు పంపకండి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. తల్లో తండ్రో కాలేజీ దగ్గర చిన్న గది తీసుకుని పరీక్షలయ్యేదాకా ఉండడం, బంధువుల ఇంట్లో ఉంచి డే స్కాలర్‌గా పంపడం, కుదిరితే ఖమ్మంలోనే ఉండి ప్రాక్టికల్స్‌కు, పరీక్షలకు మాత్రం వెళ్లిరావడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి. మొదటి వారం సగం పూట చాలు. రాత్రి తొమ్మిది, పది దాకా నడిచే స్టడీ అవర్స్ నుంచి మినహాయింపు కోసం డాక్టరు చీటీ ఇప్పించండి. కాలేజీ వాళ్లు గునిసినా పట్టుబట్టండి. ఫాలో అప్ తేదీ పరీక్ష రోజున పడితే డాక్టరుతో ముందే మార్పించుకోండి గానీ ఎగ్గొట్టవద్దు. పొద్దున మగతగా ఉంటోందని మందులు మీరే ఆపకండి, వేళ మార్చమని అడగండి. జ్ఞాపకశక్తి మాత్రలంటూ అమ్మేవి కొనకండి.

పరీక్షల మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడని తెలిస్తే మిగతా పేపర్లు మాన్పించవద్దు. ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి, మర్నాడు తోడు వెళ్లి పరీక్ష హాలు గేటు దాకా దింపండి. ఆఖరి పేపరు అయిపోయిన సాయంత్రానికి మాత్రం ముందే ఏర్పాటు చేసుకోవాలి. అందరూ పార్టీలకు వెళ్లే పూట అది. హాలు బయట బండి సిద్ధంగా ఉంచి, నేరుగా ఊరికి తీసుకెళ్లండి.

చికిత్స ఇంకా కావాలని డాక్టరు జనవరిలో చెబితే పరీక్ష కోసం మధ్యలో బయటికి తేవద్దు. సిద్ధమైన రెండు మూడు పేపర్లు తోడు మనిషితో వెళ్లి రాయనివ్వండి, మిగిలినవి సప్లిమెంటరీలో రాస్తాడు. దానికి మళ్లీ విడిగా ఫీజు ఉంటుంది, ఫలితాలు వచ్చాక గడువు చాలా తక్కువ రోజులే ఇస్తారు. జేఈఈ మెయిన్ జనవరి విడత వదిలేయండి, ఏప్రిల్‌లో ఇంకోటి ఉంది. ఇంటర్ పాసైన ఏడాదితో పాటు తర్వాతి రెండేళ్లూ రాసుకోవచ్చు. ఎప్‌సెట్‌లో ఇంజినీరింగ్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవారికి 40 శాతం అడుగుతారు. కాబట్టి పాసు మార్కులతో తృప్తిపడాల్సిన పేపరేదో, వదిలిపెట్టి సప్లిమెంటరీలో బాగా రాయాల్సిన పేపరేదో లెక్చరరుతో కూర్చుని తేల్చుకోండి. హాజరు మరీ పడిపోయి రెగ్యులర్ దారి మూసుకుపోతే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ఇంటర్ ఉంది, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారికి ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది.

ఇవన్నీ మీవారితో కలిసి ఒక కాగితం మీద రాసి, చేర్పించే ముందు రోజు మీ అబ్బాయికి చూపించండి: ఫీజు కట్టాం, పేరు కాలేజీలోనే ఉంది, ఈ పేపర్లు మార్చిలో, ఇవి మేలో, ఫలానా సార్‌కు మాత్రమే నిజం తెలుసు. పరీక్షలు రాశాకే చేరతానని వాడు బతిమాలేది చాలావరకు చదువు మీద ప్రేమతో కాదు, వెనక్కి వచ్చేసరికి తనకంటూ ఏమీ మిగలదేమోనన్న భయంతో. ఆ కాగితంలో మార్పులు చెబితే చెప్పనివ్వండి. 2ఎ బదులు 2బి ముందు చేస్తానంటే సరే అనండి. చేరే తేదీ ఒక్కటి మాత్రం మార్చవద్దు.